ట్రాక్టరు కొనబోతున్న మేనల్లుడికి

రాజాం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నరసన్నపేటలో ట్రాక్టరు ధర అడిగి దిగులుతో ఇంటికి వచ్చావని అక్క ఫోనులో చెప్పింది. మామయ్య రోజుల్లో రెండు లక్షలకే ఉక్కులాంటి బండి వచ్చేదనీ, ఇప్పుడు ఆరున్నర లక్షలు పోసినా రేకు డబ్బాయే వస్తుందనీ అన్నావట. ఆ మాటలో సగమే నిజం.

నేను 1994లో 35 హార్స్‌పవర్ బండిని 1,90,000 రూపాయలకు కొన్నాను. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 340 రూపాయలు కాబట్టి, బండి కోసం దాదాపు 560 క్వింటాళ్లు కొలిచినట్టు లెక్క. 2025-26లో మద్దతు ధర 2,369 రూపాయలు. నీకు చెప్పిన ధరకు 275 క్వింటాళ్లు చాలు. (ఆ మద్దతు ధర కళ్లంలో రైతు చేతికి పూర్తిగా అందుతుందా అన్నది వేరే గొడవ.) పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది, ఆరు లక్షల అసలు ధర మీద అది 42,000 రూపాయల తేడా. కొటేషనులో పన్ను ఎంత వేశారో ముందు చూసుకో.

ఇక గట్టితనం సంగతి. నా పాత బండి బానెట్ మీద నిలబడి చింతకాయలు కోసేవాళ్లం; ఇప్పటి బానెట్‌ను బొటనవేలితో నొక్కితే సొట్ట పడుతుంది. కానీ పొలం దున్నేది బానెట్ కాదు కదా. ఆ పాత బండితో దమ్ము పట్టేటప్పుడు, అంటే నాట్లకు ముందు నీళ్లు పెట్టి మడి దున్నేటప్పుడు, బురదనీరు పొడి బ్రేకుల్లోకి చేరి, గట్టు దిగుతుంటే పెడలు తొక్కినా బండి ఆగేది కాదు. ముందు చక్రం గట్టుకు తగిలినప్పుడల్లా స్టీరింగు గిర్రున తిరిగి చేతిని కొట్టేది. నా కుడి బొటనవేలు ఇప్పటికీ సరిగా వంగదు. నూనెలో మునిగి ఉండే బ్రేకులు, పవర్ స్టీరింగు వచ్చాక ఆ బాధలు చాలావరకు తప్పాయి. వంశధార ఆయకట్టులో దమ్ము చేసే నువ్వు, ఈ రెండూ లేని బండిని ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకు.

కొత్త బండ్లు దిగజారింది కరెంటు తీగల దగ్గర. క్లచ్చి తొక్కితేనే స్టార్టయ్యేలా పెట్టిన చిన్న స్విచ్చి ఒకటి పోయి, నా రెండో బండి ఖరీఫ్ దమ్ములో రెండు రోజులు కదలలేదు. షెడ్డులో ఎలుకలు కొరికితే మరీ కష్టం. అందువల్ల నీ ఊరికి దగ్గరలో ఆ బండి తీగలు విప్పి చూడగల మెకానిక్ ఎవరున్నారో కనుక్కున్నాకే కంపెనీ ఏదో తేల్చుకో.

పాత బండి వైపు మనసు పోతే, అది ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరును నమ్మకు. దాన్ని మార్చడం ఎంతసేపు? క్లచ్చి పెడలు ఎంత అరిగిందో, నాగలి తగిలించే వెనక లింకుల్లో పిన్నులు దూరే రంధ్రాలు కోలగా సాగాయా అన్నది చూడు. గేరు నూనె పుల్లను తీసి తెల్లగుడ్డకు తుడువు. మజ్జిగలా తెల్లబడి ఉంటే లోపలికి నీరు చేరినట్టే, ఇక బేరమాడవద్దు.

వచ్చే గురువారం మొదటి బస్సుకు నరసన్నపేట వస్తాను. అంతవరకూ ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.

మీ మామయ్య