సోమవారం కల్చర్ ఎందుకు పెరగడం లేదు?

శుక్రవారం పెట్టిన ఈ.కోలై బ్యాక్టీరియా కల్చర్‌ను సోమవారం కొత్త ఎల్‌బీలో (బ్యాక్టీరియాను పెంచే పోషక ద్రవంలో) వేస్తే చాలాసేపు ఓడీ (కణాలు ఎంత దట్టంగా ఉన్నాయో కాంతితో చూసే కొలత) కదల్లేదని, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ మొత్తం అయిపోయిందేమోనని అడిగారు కదా. బతికున్న కణాల్లో అయిపోలేదండీ. అవి ఖర్చు తగ్గించుకున్నాయి.

కణానికి అతిపెద్ద ఖర్చు ప్రొటీన్ల తయారీ. ప్రొటీన్లకు ముడిసరుకైన అమైనో ఆమ్లాలు కరువైతే, ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లోకి ఖాళీ టీఆర్‌ఎన్‌ఏ (అమైనో ఆమ్లాలను మోసుకొచ్చే అణువు) వచ్చి కూర్చుంటుంది. రెల్‌ఏ ఎంజైమ్ అది పసిగట్టి పీపీజీపీపీ అనే చిన్న అణువును తయారుచేస్తుంది. ఆ అణువు ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ఎంజైమ్‌కు అతుక్కుని కొత్త రైబోజోమ్‌ల ఆర్‌ఎన్‌ఏ తయారీని బాగా తగ్గించేస్తుంది. ఇక ఉన్న రైబోజోమ్‌లను ఆర్‌ఎమ్‌ఎఫ్, హెచ్‌పీఎఫ్ ప్రొటీన్లు రెండేసి చొప్పున జతకట్టి నిద్రపుచ్చుతాయి. నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యంగా అనిపించేది ఇదే: తిండి దొరికితే ఆ జతలు కొన్ని నిమిషాల్లోనే విడిపోయి పనిలో పడతాయి.

మరి మీ ఆలస్యం? నా అనుమానం చచ్చిన కణాల మీద. వైజాగ్ ఉక్కపోతలో ఏసీ లేని గదిలో మూడు రోజులుంటే ఎల్‌బీలో చాలా కణాలు చనిపోతాయి. చచ్చినవి కూడా కాంతిని చెదరగొడతాయి కాబట్టి ఓడీ నిండుగానే కనిపిస్తుంది. మీరు వేసిన వాటిలో బతికున్నవి కొన్నే. పైగా ఆ కొన్నీ విభజన మొదలుపెట్టే ముందు కొత్త రైబోజోమ్‌లు కట్టుకోవాలి.

ఒకసారి కల్చర్‌ను పలచన చేసి ప్లేట్ మీద పెరిగిన కాలనీలు లెక్కపెట్టండి, ఎన్ని బతికున్నాయో తేలిపోతుంది. ప్రయోగానికి మాత్రం తాజా కాలనీ నుంచి రాత్రి కల్చర్ పెట్టి, పొద్దున్నే 1:100 పలచన చేసుకోండి.