సిలికోన్ లైనింగులో ఫంగస్ మందు కలపవచ్చా?

మీ అత్తగారి పై పళ్ల సెట్టు కింద అంగిలి ఎర్రబడిందని, నిస్టాటిన్ అనే ఫంగస్ మందు మాత్ర నూరి, సెట్టు లోపలివైపు వేసే మెత్తటి సిలికోన్ పొరలో (లైనింగులో) కలిపించవచ్చా అని అడిగారు. ఆలోచన మంచిదే, ఎంచుకున్న పదార్థమే సరికాదండి. సిలికోన్ నీటిని దగ్గరికి రానివ్వదు. అందులో చిక్కిన మందు సరిగా బయటికి రాదు. ఈ పనికి వాడేది టిష్యూ కండిషనర్ అనే తాత్కాలిక లైనింగు. అది లాలాజలంలో నానుతూ మందును కొద్దికొద్దిగా వదులుతుంది. పూటపూటకూ మందు వేసుకోవాలని గుర్తుపెట్టుకోనక్కరలేదు, మరుపున్న పెద్దవాళ్లకు అదే పెద్ద సుఖం.

కలపాల్సింది మాత్రం డెంటిస్టే. శుద్ధమైన నిస్టాటిన్ పొడిని ముందు కండిషనర్ పొడిలో సమంగా కలిపి, ఆ తర్వాతే ద్రవం పోస్తాం. మాత్ర నూరితే దాని పైపూత, అంటుపదార్థాలు కూడా వచ్చి పడతాయి. మందు మోతాదు మించితే లైనింగు బలం తగ్గి అంచుల దగ్గర లేచిపోతుంది. ఎలాగూ వారం పది రోజుల్లో గట్టిపడుతుంది. అప్పుడు మార్చకపోతే ఫంగస్‌కు అదే ఇల్లు.

ఆవిడ రాత్రిళ్లు సెట్టు తీస్తున్నారా? చాలామంది తీయరు, పైగా గర్వంగా చెబుతారు! ఎర్రదనం సరిగ్గా సెట్టు ప్లేటు ఆకారంలోనే, అచ్చు గుద్దినట్టు ఉంటే మొదటి అనుమానం రాత్రిళ్లు తీయకపోవడం మీదే. సెట్టు వదులైందేమో చూపించండి, షుగరు పరీక్ష చేయించండి. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడుతుంటే మైకొనజోల్ అనే ఫంగస్ మందు జెల్ మాత్రం సొంతంగా కొనకండి. రెండూ కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.