అమ్మగారి వెన్ను ఆపరేషన్ కోసం డిపాజిట్ తీయవచ్చా?

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక పాఠకుడు ఇలా అడిగారు: "మా అమ్మకు 72 ఏళ్ళు. రెండు నెలల క్రితం మజ్జిగౌరమ్మ గుడికి వెళ్తుంటే ఆటో గతుకులో ఎగిరిపడి నడుము పట్టేసింది. ఎముకలు గుల్లబారాయని, రెండు వెన్నుపూసలు నలిగాయని విశాఖపట్నంలో చెప్పారు. రాడ్లు, స్క్రూలు వేయడానికి నాలుగున్నర లక్షలు అవుతుందట. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో అమ్మ పేరిట రెండేళ్ళ నాలుగు నెలల క్రితం వేసిన 9 లక్షలు తీయాలా, బంగారం తాకట్టు పెట్టాలా?"

అమ్మగారికి కాళ్ళు బలహీనపడుతున్నా, తిమ్మిరెక్కుతున్నా, మలమూత్రాలపై అదుపు తప్పుతున్నా ఈ జవాబు చదవడం ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అప్పుడు డబ్బు లెక్క తర్వాతి మాట. అలాంటిదేమీ లేకపోతే మాత్రం తొందరపడవద్దని కోరుతున్నాను. నేను వైద్యుణ్ణి కాను, అయినా ఇంత పెద్ద ఖర్చుకు ముందు రెండో వైద్యుడి అభిప్రాయం తీసుకోమని ఎవరికైనా చెబుతాను. ఇలా నలిగిన పూసలు చాలామందిలో నొప్పి మందులు, నడుము పట్టీ, ఫిజియోథెరపీతో రెండు మూడు నెలల్లో కుదుటపడతాయి. పైగా గుల్లబారిన ఎముకలో స్క్రూకు పట్టు చాలదు. అది వదులు కావచ్చు, పక్క పూస విరగవచ్చు. అందుకే "ఆపరేషన్ కంటే ముందు ఎముకకు బలమిచ్చే మందు మొదలుపెట్టాలా?" అని తప్పక అడగండి.

ఆపరేషన్ తప్పదని తేలితే, మొదట అడగవలసింది ఆయుష్మాన్ వయ వందన కార్డు గురించి. ఆధార్ ప్రకారం 70 నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం దీని కింద దొరుకుతుంది. ఒడిశాలో ఈ పథకం 2025 ఏప్రిల్ నుంచి అమలవుతోంది, కార్డు రాష్ట్రం దాటినా చెల్లుతుంది. మన సరిహద్దులో చాలామంది విశాఖలో ఆరోగ్యశ్రీ (2024 నుంచి దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) వర్తిస్తుందనుకుని వెళ్తారు. అది ఆంధ్రప్రదేశ్ నివాసులకే. ఆ ఆసుపత్రి ఆయుష్మాన్‌లో ఉందా, వెన్ను శస్త్రచికిత్సకు అనుమతి ఉందా అన్నది చేరకముందే అక్కడి ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

ఇక డిపాజిట్. ఆ పథకంలో కొంత భాగం తీసే వీలు లేదు, ఖాతా మొత్తం మూయాలి. రెండేళ్ళు దాటింది కాబట్టి 1 శాతం, అంటే 9,000 కోత పడుతుంది. ఇప్పుడు ఏడాదికి 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి పాస్‌బుక్‌లో పడే 18,450 రూపాయలు, నాలుగున్నర లక్షలు వాడి మిగిలింది తిరిగి వేసినా, సుమారు 9,000కు తగ్గిపోతాయి. నన్ను కలవరపెట్టేది ఈ తగ్గుదలే, ఎందుకంటే ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక 15 రోజుల ఖర్చు వరకే చూస్తుంది, ఎముకల మందు మాత్రం ఏళ్ళ తరబడి సాగుతుంది. ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ అయినా, ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ అయినా, రెండేళ్ళ వరకు రోజూ పొడుచుకునే టెరిపారటైడ్ అయినా ఆ ఖర్చు మీ చేతి నుంచే రావాలి. ముఖ్యంగా డెనోసుమాబ్‌ను డబ్బు లేదని మధ్యలో ఆపేసి, దాని స్థానంలో వేరే మందు వాడకపోతే వెన్నుపూసలు మళ్ళీ విరిగే ప్రమాదం ఉంది. ఆ వడ్డీని అమ్మగారి ఎముకల మందుకే కేటాయించి, డిపాజిట్‌ను కదపవద్దు.

మీరు పాత పన్ను విధానంలో ఉండి, అమ్మగారికి ఆరోగ్య బీమా లేకపోతే, నగదు కాకుండా వేరే పద్ధతిలో చెల్లించిన వైద్య ఖర్చుకు ఆదాయపు పన్ను లెక్కలో 50,000 వరకు మినహాయింపు కూడా దొరుకుతుంది, రసీదులు దాచండి.

కార్డు భరించని మొత్తం, విశాఖలో మీరిద్దరూ ఉండే రోజుల అద్దె, తిండి, రాకపోకలు ఒక కాగితం మీద రాసి కూడండి. అప్పుడు తేలిన లోటు ఎంతో, అంతవరకే బంగారం మీద తీసుకోండి, నెలనెలా తీర్చేలా.