క్షారం తిన్నచోట అక్షరం

సందేహం: పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. 'ఎచింగ్' అంటే ఏమిటని పిల్లలు అడిగితే 'ఫెర్రిక్ క్లోరైడ్ చేత రాగి చెక్కబడుతుంది' అని చెప్పాను. ఒక నోట్సులో 'నిక్షారణం' అని ఉంది. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: అమ్మా, ముందు ఆ 'బడు'ను వదిలించుకోండి. చదువుకున్నవాళ్ళ తెలుగుకు పట్టిన చీడ అది.

చెక్కాలంటే ఉలి ఉండాలి. మీ కోనసీమలోని నందంపూడిని రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకు దానమిచ్చిన 11వ శతాబ్దపు శాసనం ఉంది చూశారూ, అది రాగిరేకుల మీదిదే. రచన సాక్షాత్తూ నన్నయభట్టుది. ఆ అక్షరాలు చెక్కినవి. మీ పిల్లల సర్క్యూట్ బోర్డు మీదున్నదీ రాగే, కానీ అక్కడ ఉలి లేదు. నిలవాల్సిన గీతలకు పూత వేసి ద్రావణంలో ముంచితే, పూత లేనిచోట రాగిని అది తినేస్తుంది. ఇంగ్లీషు 'ఎచ్'కు మూలమైన పాత జర్మన్ మాటకు అర్థం కూడా 'తినిపించు' అనే. కిటికీ ఊచల్ని ఉప్పుగాలి తినేసిందనే అంతర్వేది ఇల్లాలికి ఈ వ్యుత్పత్తి ఎవరూ చెప్పక్కర్లేదు.

'నిక్షారణం' హిందీ పారిభాషిక పదం. అయినా దాన్ని చూస్తే నాకు ముచ్చటే. 'క్షర్' అంటే కారడం, కరగడం. క్షరమయ్యేది నశిస్తుంది, కానిది అక్షరం. చిప్పులు చేసే సిలికాన్‌ను తినే పొటాషియం హైడ్రాక్సైడ్ అచ్చమైన క్షారం. అదీ అన్ని దిక్కులా ఒకేలా తినదు. స్ఫటికంలో కొన్ని తలాల దగ్గర బాగా నెమ్మదిస్తుంది. అందుకే మామూలుగా వాడే ఒక రకం సిలికాన్ పలకలో గుంట గోడలు 54.7 డిగ్రీల వాలులో తేలతాయి. గుంట వెంట్రుక మందంలో పట్టేదైనా వాలు అదే! క్షారం క్షరింపజేయగా మిగిలిన అక్షరం కాదూ అది? నన్నయ 'అక్షరరమ్యత' అన్నది ఇందుకు కాదులెండి, నా చాపల్యం.

చిక్కల్లా ఒకటే. ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణానిది ఆమ్లగుణం. గాజును తినే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పేరులోనే ఆమ్లం. వాయువులతో తినిపించే పద్ధతీ ఉంది. వీటన్నిటికీ 'నిక్షారణం' అంటే పిల్లలు క్షారం కోసం వెతుకుతారు.

'తొలచడం' అంటే? ఉలీ తొలుస్తుంది, పురుగూ తొలుస్తుంది. నా మొగ్గు అటే, పట్టుబట్టను. క్లాసులో 'తినేస్తుంది' అని చెప్పండి. పరీక్షలో మాత్రం 'ఎచింగ్' అనే రాయించండి, పేపర్లు దిద్దేది నేను కాదుగా.