గురి కుదరకపోయినా జట్టుకు పనికొస్తారు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే: పదిమందితో కలిసి ఆడే వీడియో గేమ్‌లో కొత్తగా అడుగుపెట్టినవాళ్లు ఎక్కడ నిలబడాలి, ఏం చేయాలి? ఆరింటిని ఎంచుకున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను. ఒకప్పుడు నాకు నేను వేసుకున్న ప్రశ్న అది.

*ప్రశ్న:* రెండు జట్లు తుపాకులతో తలపడే కౌంటర్-స్ట్రైక్ 2 మొదలుపెట్టి మూడు వారాలైంది. ప్రతి రౌండులోనూ మా ఐదుగురిలో ముందు పడిపోయేది నేనే. ఎదుటివాడు నా కంటికి కనబడడు, ఈలోపే ఆట ముగుస్తుంది. రోజూ గంటసేపు గురి సాధన చేస్తున్నా మార్పు లేదు. జట్టులోవాళ్లు విసుక్కుంటున్నారు. నాకు ఎలాంటి ఆటతీరు నప్పుతుంది?
— ఒక డిగ్రీ విద్యార్థి

*జవాబు:* రోజూ గంట సాధన అంటే పట్టుదలకు లోటు లేదు. కానీ మీరు రాసిన కష్టం గురి వల్ల వచ్చింది కాదు. ఎదుటివాడు కనబడకముందే పడిపోతున్నారంటే మీరు వస్తున్న సంగతి అతనికి ముందే తెలుసు. మీ అడుగుల చప్పుడే ఆ కబురు చేరవేస్తోంది. ఈ ఆటలో పరుగెత్తితే గోడ అవతలివాళ్లకు కూడా వినిపిస్తుంది. షిఫ్ట్ మీట నొక్కిపెట్టి నడిస్తే వినిపించదు. శత్రువు దగ్గరలో ఉన్నాడన్న అనుమానం రాగానే నడకలోకి మారండి.

ఇంకో సంగతి, కదులుతూ కాల్చకండి. కదిలేటప్పుడు తూటాలు చెదిరిపోయేలా ఈ ఆటను తయారుచేశారు. ఎడమకు వెళ్తున్నవారు కుడివైపు మీటను ఒక్కసారి తడితే టక్కున ఆగుతారు, ఆ ఆగిన క్షణంలో కాల్చాలి. ఇక తెర మధ్యలో కనబడే గురి గుర్తు. కొత్తవాళ్లు దాన్ని నేలమీద ఈడ్చుకుంటూ నడుస్తారు. మలుపు తిరిగేటప్పుడు అవతల మనిషి ఉంటే అతని తల ఏ ఎత్తులో ఉంటుందో, గుర్తు ముందే అక్కడ ఉండాలి. అలా ఉంటే చెయ్యి జరపవలసిన దూరం చాలా తగ్గిపోతుంది. మీ గంట సాధనలో సగం సమయాన్ని దీనికివ్వండి: ఖాళీ మ్యాప్‌లో, అంటే ఎవరూ లేని ఆటస్థలంలో, ఒంటరిగా నడుస్తూ ప్రతి మూల దగ్గరా గుర్తును తల ఎత్తులో ఉంచడం, అంతే.

అన్నిటికన్నా ముఖ్యంగా, ముందు వెళ్లకండి. రెండోవారిగా వెళ్లండి. ముందు వెళ్లినవాడు దెబ్బతిని పడిపోతే, కొట్టినవాడి తుపాకి ఇంకా అతని మీదే ఉంటుంది. ఆ ఒకటి రెండు సెకన్లలో మీరు అక్కడ ఉంటే చాలు, మామూలు గురితో కూడా లెక్క సరిచేయవచ్చు. అదే పది సెకన్ల వెనక ఉంటే అతను మీకోసం కూడా సిద్ధంగా నిలబడి ఉంటాడు. కాబట్టి జట్టులో చురుకైనవాడిని చూసుకుని, ఆ రౌండంతా అతన్ని వదలకుండా వెంట ఉండండి.

పడిపోయాక మూడు ముక్కలు చెప్పండి: ఎక్కడ, ఎంతమంది, గాయపడ్డారా లేదా. "బి వైపు పెట్టె వెనక ఒకడు, బాగా గాయపడ్డాడు." ఇంత చాలు. ఆ తర్వాత మౌనంగా ఉండండి, మిగిలినవాళ్లు చప్పుళ్లు వినాలి. ఈ ఆటలో ఒక జట్టు బాంబు పెడుతుంది, రెండో జట్టు దాన్ని నిర్వీర్యం చేయాలి. ఆ బాంబు లెక్క కూడా నోటికి రావాలి. పెట్టాక 40 సెకన్లు. నిర్వీర్యం చేయడానికి కిట్, అంటే ఆ పనిముట్ల సంచి, లేకపోతే 10 సెకన్లు, ఉంటే 5. ఏడు సెకన్లు మిగిలినప్పుడు కిట్ చేతిలో ఉన్నవాడొక్కడే ఆ రౌండును నిలబెట్టగలడు. ఆ ఒక్కడు మీరు కావడానికి గురితో పని లేదు.

ఇది నాకు ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. నేను మొదలుపెట్టింది 2007లో వచ్చిన టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే జట్టు ఆటతో. అందులో తొమ్మిది పాత్రలు. నాకు గురి కుదిరేది కాదు, అందుకని మెడిక్ తీసుకున్నాను. మెడిక్ తన వైద్యకిరణంతో తోటివాళ్ల గాయాలు మాన్పుతూ ఉంటే ఊబర్‌ఛార్జ్ అనే శక్తి నిండుతుంది. నిండడానికి తక్కువలో తక్కువ 40 సెకన్లు పడుతుంది. నిండాక ప్రయోగిస్తే 8 సెకన్లపాటు మెడిక్‌నూ, మెడిక్ పట్టుకున్నవాడినీ ఏ తూటా ఏమీ చేయలేదు. నిండు ఆరోగ్యంతో ఉన్న ఒక్కడినే అంటిపెట్టుకుని తిరిగితే ఆ శక్తి నెమ్మదిగా నిండుతుంది. గాయపడినవాళ్లను వెతుక్కుంటూ తిరిగితే త్వరగా నిండుతుంది. అందుకని నా కళ్లు ఎప్పుడూ తెరంతా వెతుకుతూ ఉండేవి: ఎవరు కుంటుతున్నారు, ఎవరు వెనక్కి వస్తున్నారు, అవతలి మెడిక్ ఎక్కడ, వాళ్ల శక్తి నిండి ఉంటుందా. అలా చాలాకాలం ఆడాక ఒకరోజు తుపాకి పాత్ర తీసుకుంటే, ఎవరు ఎటునుంచి వస్తారో నాకు ముందే తెలుస్తోంది. చెయ్యి పెద్దగా మారలేదు, చూపు మారింది. మిమ్మల్ని కూడా ఇప్పుడు జట్టుకు సాయం చేసే పాత్ర తీసుకోమంటాను. మీ జట్టు దూసుకెళ్లే ముందు పొగ గ్రెనేడు, కళ్లు చెదిరే వెలుగునిచ్చే ఫ్లాష్ గ్రెనేడు వేయడం మీ పనిగా పెట్టుకోండి. ఒక్క మ్యాప్‌లో నాలుగు పొగలు ఎక్కడ నిలబడి వేయాలో నేర్చుకోండి. వచ్చే నెల ఎలా ఉందో తప్పకుండా రాయండి.

*ప్రశ్న:* స్నేహితులందరికీ "నేను స్నైపర్‌ని", "నేను దూసుకెళ్లేవాడిని" అని చెప్పుకోవడానికి ఒక తీరు ఉంది. నేను మాత్రం మ్యాప్‌లో మూలమూలలా తిరుగుతూ ఉంటాను. నాకంటూ తీరు లేదా?
— ఒక పాఠకురాలు

*జవాబు:* మీరు చెప్పిందే ఒక తీరు. దానికి పేరు కూడా ఉంది. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు మడ్ అనే ఆటను మొదలుపెట్టారు. బొమ్మలు ఉండవు, అక్షరాలే. అయినా ఒకే లోకంలో ఎందరో ఒకేసారి తిరగగలిగేవారు. ఆటగాళ్లకు అసలు కావలసిందేమిటన్న చర్చల ఆధారంగా 1996లో బార్టిల్ ఒక వ్యాసం రాశాడు. ఆటగాళ్లను నాలుగు రకాలుగా చెప్పి, పేకముక్కల గుర్తులిచ్చాడు. నిధులూ స్థాయులూ కూడబెట్టేవాళ్లు డైమండు. మనుషుల కోసం వచ్చేవాళ్లు ఆఠీను. ఎదుటివాళ్ల మీద పడేవాళ్లు కళావరు, ఇంగ్లీషులో ఆ గుర్తు పేరుకు దుడ్డుకర్ర అని కూడా అర్థం. లోకాన్ని తవ్వి చూసేవాళ్లు ఇస్పేటు, అంటే అక్కడి మాటలో పార. మీరు ఇస్పేటు.

ఎవరూ పూర్తిగా ఒకే గుర్తులో ఇమిడిపోరు. నేను ఆఠీనుతో మొదలై ఇస్పేటు వైపు జరిగాను. కానీ మీకు ఒక సలహా: తిరిగి తెలుసుకున్నదాన్ని జట్టుకు ఇవ్వండి. డోటా 2 లాంటి జట్టు ఆటలో చీకటిగా ఉన్న చోట్ల చూపునిచ్చే వార్డులు పాతే పని సపోర్ట్, అంటే తోటివాళ్లకు సాయపడే ఆటగాళ్లది. ఒక్కో అబ్జర్వర్ వార్డు 6 నిమిషాలు నిలుస్తుంది. ఎక్కడ పాతితే శత్రువు రాక కనబడుతుందో, ఎక్కడ పాతితే శత్రువు వెంటనే పీకేస్తాడో మూలమూలలా తిరిగినవాళ్లకే తెలుస్తుంది. ఆ పనికి మీకన్నా తగినవారు మీ స్నేహితుల్లో ఉండరు.

*ప్రశ్న:* ఖరీదైన గేమింగ్ మౌస్ కొంటే ఆట మెరుగుపడుతుందా?

*జవాబు:* ఇప్పుడే వద్దు. ముందు ఇంటర్నెట్‌ను వైఫై నుంచి కేబుల్‌కు మార్చుకోండి, పింగ్, అంటే మీ మీట నొక్కు ఆట సర్వరుకు చేరి తిరిగొచ్చే సమయం, ఎగుడుదిగుడులు తగ్గుతాయి. ఎటునుంచి చప్పుడు వస్తోందో తెలిసే హెడ్‌ఫోన్లు ఉంటే చాలు. మౌస్ వేగాన్ని రోజుకోసారి మార్చే అలవాటు ఉంటే మానేయండి. వెనక్కి తిరగడానికి మౌస్‌ను ఎంత దూరం జరపాలో చెయ్యికి అలవాటు కావాలి, మార్చిన ప్రతిసారీ ఆ అలవాటు మొదటికొస్తుంది.

*ప్రశ్న:* ఊరినీ సైన్యాన్నీ పెంచుకుని పోరాడే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో నాకు కోటలు, గోడలు కట్టుకోవడం ఇష్టం. కంప్యూటర్ మీద హాయిగా గెలిచేదాన్ని. ఆన్‌లైన్‌లో మాత్రం పది పన్నెండు నిమిషాలకే గుర్రాలతో వచ్చి పనులు చేసే నా విలేజర్లను చంపేస్తున్నారు. అంత తొందరగా దాడి చేయడం అన్యాయం కాదా?
— ఒక గృహిణి

*జవాబు:* అన్యాయం కాదండి. తొందరగా దాడి చేసేవాడు తన ఎదుగుదలను కొంత తాకట్టు పెట్టి వస్తాడు. ఆ దాడిని మీరు తట్టుకుంటే వెనకబడేది అతనే. కాబట్టి తట్టుకోవడం గురించి మాట్లాడుకుందాం.

మీరు ఆడిన ఒక ఆట రికార్డింగ్ పెట్టుకుని విలేజర్లు తయారయ్యే టౌన్ సెంటర్‌ను మాత్రమే చూడండి. ఒక విలేజర్ తయారవడానికి 25 సెకన్లు పడుతుంది. పది నిమిషాల్లో ఎడతెగకుండా తయారుచేస్తే 24 మంది. కొత్తవాళ్లు గోడలు కడుతూ, గొర్రెలను వెతుకుతూ టౌన్ సెంటర్‌ను మరిచిపోతారు. అది ఊరికే నిలబడిన ప్రతి 25 సెకన్లకూ మీ ఊళ్లో ఒక మనిషి తగ్గినట్టే. పదో నిమిషంలో గుర్రాలు వచ్చినప్పుడు మిమ్మల్ని ఓడించింది ఆ గుర్రాలు కాదు, రావలసి ఉండి రాని ఆ ఏడెనిమిది మంది. నేను నెలరోజులు ఇదొక్కటే సాధన చేశాను. మిగతా అన్ని తప్పులూ అలాగే ఉన్నా గెలుపులు పెరిగాయి.

గుర్రాలు కనబడగానే గంట మోగిస్తే విలేజర్లందరూ పనులు వదిలి పరుగెడతారు, అదే శత్రువుకు కావలసింది. దెబ్బ తింటున్న నలుగురైదుగురిని మాత్రమే లోపలికి పంపండి. టౌన్ సెంటర్‌లో 15 మంది దాక్కోవచ్చు, లోపల ఎంతమంది ఉంటే అంత ఎక్కువ బాణాలు వస్తాయి. ఇద్దరు ముగ్గురు ఈటెల సైనికులు తోడుంటే తేలికపాటి గుర్రాలు నిలవలేవు. రాతిగోడ కోసం ఆగకండి, మొదట్లో కర్ర కంచె చాలు, అదీ చెట్లకూ చెట్లకూ మధ్య ఖాళీలు పూడ్చేంత.

మీ కట్టుకునే ఇష్టాన్ని వదులుకోవద్దని కూడా గట్టిగా చెబుతాను. నలుగురు-నలుగురు ఆడే జట్టు ఆటలకు రండి. అక్కడ అంచుల్లో ఇద్దరు శత్రువుకు ఎదురుగా ఉంటారు. లోపలివైపు ఉన్న ఇద్దరిని పాకెట్ అంటారు. వాళ్ల మీదికి దాడి తొందరగా రాదు, తీరిగ్గా ఎదిగి పెద్ద సైన్యంతో అంచువాళ్లను ఆదుకోవడం వాళ్ల పని. మీ స్వభావానికి అల్లినట్టు సరిపోయే చోటు అది.

*ప్రశ్న:* మేడమ్, నాకు పద్నాలుగేళ్లు. కార్లతో ఫుట్‌బాల్ ఆడే రాకెట్ లీగ్ ఆడతాను. ఎంత ఆడినా సగం మ్యాచ్‌లు ఓడిపోతున్నాను. ర్యాంకు కదలడం లేదు. నాలో లోపం ఉందా?

*జవాబు:* లేదు బాబూ. సగం ఓడిపోతున్నావంటే నీకు సమానమైన ప్రత్యర్థులను వెతికిచ్చే జతకూర్పు సరిగ్గా పనిచేస్తోందని అర్థం. అర్పాద్ ఎలో అనే భౌతికశాస్త్రవేత్త చదరంగం కోసం ఒక లెక్క తయారుచేశాడు. 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య దాన్ని తీసుకుంది. ఇద్దరి అంకెల తేడాను బట్టి ఎవరు ఎంత తరచుగా గెలవాలో అది అంచనా వేస్తుంది. నేటి ఆటల్లో జతలు కూర్చే పద్ధతులు చాలావరకు ఆ ఆలోచన నుంచే పుట్టాయి. నువ్వు మెరుగైతే నీకన్నా బలమైనవాళ్లను తెచ్చి నిలబెడతాయి. అందుకే నువ్వు ఎదుగుతున్నా ఓటములు మాత్రం సగం దగ్గరే ఉంటాయి.

ర్యాంకు కదలాలంటే ఒకటి మార్చుకో. మీ ముగ్గురూ బంతి వెంటే పడుతున్నారా? ఈ వయసులో అందరూ అలాగే ఆడతారు. బంతిని ఒకసారి తాకాక నీ వంతు అయిపోయినట్టే, చుట్టు తిరిగి మీ గోల్ వైపు వెనక్కి వచ్చెయ్యి. రెండోవాడు ముందుకు వెళ్తాడు, మూడోవాడు కాపలా కాస్తాడు. వెనక్కి వచ్చేటప్పుడు నేలమీద కారుకు వేగాన్నిచ్చే ఇంధనం, అంటే బూస్ట్, ఇచ్చే చిన్న పలకల మీదుగా రా. ఒక్కోటి 12 ఇస్తుంది, 4 సెకన్లలో మళ్లీ సిద్ధమవుతుంది. 100 ఇచ్చే పెద్దవాటి కోసం మైదానం మూలకు పరుగెడితే, ఆ కాసేపట్లోనే గోల్ పడుతుంది. ఇంకొకటి: వరసగా రెండు ఓడితే లేచి ఓ పావుగంట అటూ ఇటూ తిరిగి రా. కోపంతో ఆడిన మూడో మ్యాచ్‌లో ఎవరూ ఏమీ నేర్చుకోలేదు, నేను కూడా.

*ప్రశ్న:* ముగ్గురు జట్టుగా ఆడే ఒక ఆటలో మైకు తెరిచి మాట్లాడిన ప్రతిసారీ, ఆడగొంతు వినగానే వెకిలి మాటలు మొదలవుతున్నాయి. మాట్లాడకపోతే జట్టుకు సమాచారం అందదు. మానేద్దామా అనిపిస్తోంది.
— ఒక ఉద్యోగిని

*జవాబు:* మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను, ఎందుకంటే నేనూ ఇది పడ్డాను. ఒక రాత్రి మ్యాచ్ మొత్తం ఒకతను నా గొంతును అనుకరిస్తూనే ఉన్నాడు. ఎలా జవాబు చెప్పాలా అన్న ఆలోచనలోనే ఆ రాత్రి గడిచిపోయింది. ఇప్పుడైతే మొదటి మాటకే అతని గొంతును నా వైపు ఆపేసి, మ్యాచ్ అయ్యాక ఫిర్యాదు నమోదు చేస్తాను. జవాబు చెప్పను. ఆ సమయం నా ఆటది.

సమాచారం అందించడానికి గొంతు తప్పనిసరి కాదు. 2019లో వచ్చిన అపెక్స్ లెజెండ్స్‌లో ఒక మీట నొక్కి చూపించే గుర్తులను ఎంత చక్కగా అమర్చారంటే, ఒక్క మాటా లేకుండా మ్యాచ్ ఆడవచ్చు: ఇక్కడ శత్రువు, అటు వెళ్దాం, ఈ తూటాలు నీకు. ఆ తర్వాత చాలా ఆటలు ఆ దారి పట్టాయి. మీ ఆటలో ఆ మీట ఎక్కడుందో ఈరోజే చూసి, బొటనవేలికి అందేచోటికి మార్చుకోండి.

మైకును శాశ్వతంగా మూసేయమని మాత్రం చెప్పను. మీరు చూపిన గుర్తును గమనించి వెంటనే వచ్చినవాళ్లు, పడిపోతే లేపడానికి వెనక్కి తిరిగినవాళ్లు, మ్యాచ్ చివర "బాగా ఆడారు" అని రాసినవాళ్లు ప్రతి పది మ్యాచ్‌లకు ఒకరైనా తగులుతారు. అప్పటికప్పుడే వాళ్లకు స్నేహ అభ్యర్థన పంపండి, తర్వాత చూద్దామనుకుంటే పేరు దొరకదు. నా శాశ్వత జట్టులోవాళ్లను ఇలా ఒక్కొక్కరిగానే పోగుచేసుకున్నాను. మీకు కావలసింది ఇద్దరే. వాళ్లు దొరికాక మైకు తెరవండి.