మీ ప్రశ్న – మా జవాబు: మత్తు మానిపించాలంటే విశాఖలో ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గొడవ. ఇంట్లో ఒకరు మత్తుకి అలవాటు పడ్డారు, ఎక్కడికి తీసుకెళ్లాలో తెలీదు, ఎవర్నన్నా అడుగుదామంటే పరువు అడ్డం. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాం. రాసినవాళ్ల పేర్లు, వీధులు తీసేశాం.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో ఏడు. బట్టలు నానబెడదామని జీన్స్ జేబులు చూస్తే చిన్న పేకెట్లో గంజాయి, దాంతోపాటు చుట్టుకునే పల్చటి కాగితాలు దొరికాయి. అడిగితే ఫ్రెండుదని అన్నాడు. కానీ రాత్రంతా మేలుకుంటాడు, మధ్యాహ్నం దాకా లేవడు, రెండు సబ్జెక్టులు పోయాయి. వాళ్ల నాన్న షిఫ్టు దిగి రాగానే చెయ్యి చేసుకున్నారు, ఇప్పుడేమో పోలీసులకి అప్పజెప్పేస్తానంటున్నారు. ఆసుపత్రికి తీసుకెళ్తే వాళ్లే కేసు పెట్టిస్తారని మా ఆడపడుచు అంటోంది. బయటికి తెలియకుండా చూపించే దారేదైనా ఉందా?
— ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, ముందు మీ ఆడపడుచు భయం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే చాలా ఇళ్లలో వైద్యం ఆగిపోయేది ఇక్కడే. వైద్యానికి వచ్చిన మనిషి వివరాలు బయటికి పొక్కకుండా చూడాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. ఇక మత్తుమందుల చట్టం, అంటే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. అలవాటు పడ్డ మనిషి వాడాడనో, తక్కువ మోతాదు దగ్గరుందనో కేసులో ఇరుక్కున్నా సరే, తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోగానీ ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోగానీ చేరి వైద్యం చేయించుకుంటే ఆ నేరానికి శిక్ష పడకుండా రక్షణ ఇస్తుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయొచ్చు. అమ్మేవాళ్లకి ఇది వర్తించదు. గంజాయి అయితే కిలో దాకా తక్కువ మోతాదు కిందే లెక్క. అలాగని అది తప్పు కాకుండా పోదు, కాబట్టి ఆ పేకెట్‌ని 'సాక్ష్యం' అంటూ బీరువాలో దాచకండి.

ఇప్పుడు ఎక్కడికి అన్నది. విశాఖలో మీకు ముందు చెప్పాల్సింది చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఆ పేరు వినగానే మన ఊళ్లో సగంమంది ముఖం అదోలా పెడతారు, ఆ గేటులో ఎవరైనా చూస్తారేమోనని పక్క జిల్లా దాకా వెళ్లి వేలకు వేలు పోసి వచ్చేవాళ్లున్నారు. నన్నడిగితే ఆ సిగ్గుకి పెట్టే ఖర్చంత దండగ ఖర్చు ఇంకోటి లేదు. ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధంగా నడిచే బోధనాసుపత్రి అది, మత్తు అలవాట్లకి అక్కడ వైద్యం ఉంది, మనోవైద్యులుంటారు. ఉదయాన్నే వెళ్లి ఓపీ చీటీ రాయించుకుంటే సరిపోతుంది. మొదటి రోజే చేర్చుకుంటారని కంగారు పడకండి, గంజాయి ఒక్కటే అయితే చాలామందికి వచ్చిపోతూ చేసే వైద్యమే చాలు.

అతను అసలు రానంటే? అప్పుడు మీరే ఫోన్ చేయండి. 14416 టెలీ మానస్, ఫోన్లోనే మానసిక సమస్యలకి సలహా ఇచ్చే ప్రభుత్వ నంబరు, 2022 అక్టోబరులో మొదలైంది. ఇరవై నాలుగ్గంటలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. 14446 ప్రత్యేకంగా మత్తు మాన్పించడం కోసం కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే నంబరు. దగ్గర్లో ప్రభుత్వ సాయంతో నడిచే కేంద్రం ఏదుందో వాళ్లని అడగండి. ఈ రెండింటికీ అలవాటున్న మనిషే చేయాలని రూలేం లేదు. ఎలా మాట్లాడాలో తెలీక సతమతమయ్యే అమ్మానాన్నలు కూడా చేసుకోవచ్చు.

మాట్లాడేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఇంటికొచ్చిన వేళ కళ్లెర్రగా ఉన్నప్పుడు మొదలుపెట్టకండి, మర్నాడు తిండి తిన్నాక, వాళ్ల నాన్నగారు పక్కన లేనప్పుడు అడగండి. "ఎందుకు తాగావురా" అని కాకుండా "ఎప్పట్నుంచి, రోజూనా, మానేద్దామని ఎప్పుడన్నా చూశావా" అని అడిగితే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. ఆ మూడు సంగతులే డాక్టరుగారు కూడా మొదట అడుగుతారు. మానాక వారం పదిరోజులు చిరాకు, నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం ఉంటాయి. అది చూసి "మళ్లీ మొదలెట్టాడు" అని తిట్టకండి, అప్పుడే తోడు కావాలి. అయితే ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారనీ, వెంటాడుతున్నారనీ అంటున్నా, తనలో తాను మాట్లాడుకుంటున్నా ఇక రేపూ ఎల్లుండీ అనకుండా ఆసుపత్రికి తీసుకెళ్లిపోండి. గంజాయి కొందరిలో అక్కడి దాకా తెస్తుంది.

ఇక మీవారికి చెప్పండి, కొడితే మానేసినవాళ్లని ఇన్నేళ్లలో నేను చూడలేదు, దాచుకోవడం నేర్చుకున్నవాళ్లనే చూశాను.

ప్రశ్న: మావారు ఆటో నడుపుతారు. రోజూ క్వార్టర్‌తో మొదలై ఇప్పుడు పొద్దున్నే కళ్లు తెరవగానే కావాలంటున్నారు. మా వదిన ఒక పొడి తెచ్చిచ్చింది, తెలీకుండా పప్పులో కలిపితే పదిహేను రోజుల్లో మానేస్తారట. ఈలోగా మొన్న మా అత్తగారు తిట్టారని పంతంతో ఒక పూట మానేస్తే చేతులు వణికిపోయాయి, చెమటలు పట్టాయి, భయమేసి నేనే డబ్బులిచ్చి పంపాను. నేను చేసింది తప్పా?
— కంచరపాలెం నుంచి ఒక సోదరి

జవాబు: తప్పేం లేదమ్మా. ఇంకా చెప్పాలంటే మీ భయం సరైనదే. పొద్దున్నే పడాల్సినంత అలవాటైన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే చాలా ప్రమాదం. ఆఖరి గ్లాసు దిగిన ఆరేడు గంటలకి వణుకు, చెమట, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండ్రోజుల్లో ఫిట్స్ రావొచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేని పురుగుల్ని దులుపుకుంటారు, ఇంట్లోవాళ్లనే గుర్తుపట్టరు. దాన్ని గాలి సోకిందనుకుని తాయెత్తులు కట్టించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ప్రాణం పోయే పరిస్థితి అది. ఫిట్స్ వచ్చినా మాట తడబడి అయోమయంగా ఉన్నా 108కి ఫోన్ చేసి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి తీసుకెళ్లండి, రోజూ తాగే మనిషి ఎప్పట్నుంచి ఆపేశారో అక్కడ దాచకుండా చెప్పండి. అది చెప్పకపోతే వాళ్లు వేరే జబ్బు కోసం వెతుకుతూ కూర్చుంటారు.

ఫిట్స్ రాకముందే డాక్టరు దగ్గరికి వెళ్తే వణుకు తగ్గడానికి మందులిచ్చి, మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ వారం పదిరోజుల్లో ఆ గండం దాటిస్తారు. బీ1 విటమిన్ కూడా ఇస్తారు, ఏళ్ల తరబడి తిండి తక్కువ, తాగుడు ఎక్కువ అయినవాళ్లకి అది తగ్గిపోయి మెదడు దెబ్బతింటుంది. అందాకా మీరుగా పూర్తిగా ఆపించకండి, మీరుగా పోసివ్వనూ వద్దు, వెంటనే ఓపీకి తీసుకెళ్లండి.

ఇక ఆ పొడి. బస్టాండు గోడల మీద కనిపించే "తెలియకుండా మద్యం మాన్పించబడును" సరుకులో ఏముందో అమ్మేవాడికైనా తెలుసో లేదో. అలాంటివాటిలో డైసల్ఫిరామ్ ఉంటే మరీ ప్రమాదం. డాక్టర్లు ఇచ్చే అసలైన మందే అది, కానీ మనిషికి చెప్పి, ఒప్పించి, గుండె, లివరు పరీక్షలు చూసుకుని ఇస్తారు. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి మనిషి పోవచ్చు కూడా. మందు ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. మీరు పప్పులో కలుపుతారు, ఆయనకి తెలీదు, స్టాండులో ఎవరో పోస్తే తాగుతారు. ఆ పొడి పారేయండి, వదినగారితో గొడవ వద్దు, ఆవిడ మంచికే తెచ్చారు.

ప్రశ్న: మా తమ్ముణ్ణి మందు మాన్పిస్తామన్న ఒక ప్రైవేటు సెంటర్లో చేర్చాం. ఆరు నెలల ప్యాకేజీ, ముందే మొత్తం కట్టించుకున్నారు. ఫోన్ ఇవ్వరు, కలవనివ్వరు, "మాట్లాడితే మళ్లీ చెడిపోతాడు" అంటున్నారు. ఇది మామూలేనా?
— గోపాలపట్నం

జవాబు: కాదండీ. మొదటి కొన్ని రోజులు ఫోను తగ్గించడం వేరు, అన్నకి కూడా ముఖం చూపించకపోవడం వేరు. పైన చెప్పిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి కేంద్రం రిజిస్టర్ అయ్యుండాలి. తన ఇష్టంతో చేరిన మనిషి పంపించమంటే పంపించాలి, పరీక్ష కోసమని మహా అయితే ఒక రోజు ఆపగలరు. ఇష్టం లేకుండా చేర్చాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి అవసరమని తేల్చాలి, ఆ ఇద్దరిలో ఒకరు మనోవైద్యుడై ఉండాలి. అదీ ముందుగా 30 రోజులకే. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషేధం. ఫోను చేసుకోవడం, కావాల్సినవాళ్లని కలవడం లోపలున్నవాళ్ల హక్కు.

కాబట్టి మీరు రేపే వెళ్లండి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడ మీద ఉందా, డాక్టరుగారు ఏ రోజుల్లో వస్తారు, తమ్ముడికి ఏయే మందులిస్తున్నారు, ఈ మూడూ అడగండి. మందుల చీటీ రాసివ్వలేనివాడు ఆరు నెలలు వైద్యమేం చేస్తాడు? అక్కడ తిప్పలు పెడితే 15100కి ఫోన్ చేయండి, న్యాయ సేవాధికార సంస్థది. జిల్లా కోర్టు ఆవరణలో వాళ్ల ఆఫీసు కూడా ఉంది. అర్హులకి లాయర్ని ఉచితంగా ఇస్తారు, మీ అమ్మగారి పేరున వెళ్తే ఇంకా సులువు, ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేదు.

ప్రశ్న: పార్టీలో ఒకడు ఏదో ఇంజెక్షన్ చేసుకుని పడిపోతే మజ్జిగ పట్టించాం, బతికాడు. అలా చెయ్యొచ్చా?
— పేరు వద్దు

జవాబు: చెయ్యకూడదు. స్పృహ లేనివాడి నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి, ఏం తీసుకున్నాడో నిజం చెప్పండి. నల్లమందు జాతి మత్తు అయితే విరుగుడు ఇంజెక్షన్ ఉంది, తెలిస్తేనేగా ఇస్తారు.

ప్రశ్న: మా వీధి చివర కుర్రాళ్లకి గంజాయి అమ్ముతున్నారు. స్టేషన్‌కి వెళ్తే నా పేరు బయటికొస్తుందని భయం.
— మద్దిలపాలెం

జవాబు: 1972. రాష్ట్రంలో మత్తుమందుల మీద పనిచేసే 'ఈగల్' పోలీసు విభాగం నంబరు. కేంద్ర ప్రభుత్వానిది 1933. పేరు చెప్పకుండా కూడా సమాచారం ఇవ్వొచ్చు. చోటు, వేళ, బండి నంబరు ఉంటే చాలు. మీరు వెళ్లి వాళ్లతో తగువు పెట్టుకోకండి.

ప్రశ్న: నాకు 52. నేనే తాగుతాను. రెండుసార్లు మానేశాను, రెండుసార్లూ మళ్లీ మొదలెట్టాను. ఇంట్లో ఎవరూ నమ్మట్లేదు. మళ్లీ ఆసుపత్రికి వెళ్లడం దండగేనా?
— ఒక ఉద్యోగి

జవాబు: దండగ కాదండీ. బీపీ మళ్లీ పెరిగితే డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఎవరూ సిగ్గుపడరు కదా. 2019లో కేంద్రం విడుదల చేసిన ఎయిమ్స్ సర్వేలో, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యసాయం అందిందని తేలింది. మీరు ఆ ఒక్కరిలో ఉన్నారు, రెండుసార్లు మానగలిగారు కూడా. ఈసారి వెళ్లినప్పుడు ఎన్నాళ్లు మానారో, ఏ రోజున, ఎవరితో మళ్లీ మొదలైందో రాసుకెళ్లండి. జీతం రోజా, పెళ్లి ఇల్లా, నిద్ర పట్టని రాత్రా అనేది డాక్టరుగారికి చాలా పనికొస్తుంది. కోరిక తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి, మీ లివరు, కిడ్నీల సంగతి చూసి ఏది పడుతుందో ఆయన చెబుతారు. కిందటిసారి ఇవి ఇచ్చారా లేదా అని అడగండి, చాలామంది వణుకు తగ్గగానే మందులు మానేసి ఇంటికెళ్లిపోతారు.

ఆల్కహాలిక్స్ అనానిమస్ అని, తాగుడు మానినవాళ్లూ మానాలనుకునేవాళ్లూ ఒకరికొకరు తోడుగా కలుసుకునే బృందం ఉంది, వాళ్ల మీటింగులు కూడా విశాఖలో జరుగుతాయి. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, మొదటి రోజు నోరు విప్పకుండా వెనక కుర్చీలో కూర్చుని వచ్చేయొచ్చు. ఇంట్లోవాళ్లు నమ్మడానికి టైం పడుతుంది, దానికోసం ఆగకండి. వచ్చే ఓపీ రోజు ఉదయం ఖాళీ చేసుకోండి.