విదేశాల్లో స్నేహితుల ఇంట్లో ఉన్నప్పుడు అక్కడి తిండి మీకు ఎలా అనిపించింది?

అక్కడి తిండి తినలేకపోయాం అనేవాళ్ళలో సగం మంది అసలు తినే ఉండరు. ఇది నా ఘాటైన అభిప్రాయం.

మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానంలో కవిటి పక్క పల్లె. ఇంటర్‌లో నాతో చదివినవాడు మలేషియాలో, కౌలాలంపూర్ పక్కన పెటాలింగ్ జయలో ఉంటాడు. వాడింట్లో పన్నెండు రోజులున్నాను. మొదటి మూడు రోజులూ మర్యాదకి పోయి నన్ను ఆంధ్రా భోజనాల హోటళ్ళకే తిప్పాడు. విశాఖలో విమానం ఎక్కి నాలుగు గంటలు కూర్చున్నది గోంగూర కోసమా? పైగా ఆ హోటళ్ళ లెక్కలో ఆంధ్రా అంటే గుంటూరు కారమే. మా చోడి (రాగి) అంబలి ఎవడికీ పట్టదు. (నేను మోసుకెళ్ళిన ఆవకాయ సూట్‌కేసులోనే కారిపోయింది. దాని సంగతి అడక్కండి.)

నాలుగో రోజు పొద్దున్న వాళ్ళింకా లేవలేదు. కిందికి దిగితే గేటు పక్కన గొడుగు కింద చిన్న బల్ల, దాని మీద అరటాకు, కాగితం చుట్టిన పొట్లాలు గోపురాల్లా పేర్చి ఉన్నాయి. అమ్మే పెద్దావిడని అందరూ ‘మాచిక్’ అంటున్నారు. మనం పిన్నీ అన్నట్టే. వేలు చూపించా, పొట్లం చేతిలో పెట్టింది. టీ అయితే ప్లాస్టిక్ సంచిలో పోసి, స్ట్రా గుచ్చి, మూతికి దారం కట్టి ఇచ్చింది, మన హోటల్లో సాంబారు పార్సిల్ కట్టినట్టు.

మెట్ల మీద కూర్చుని పొట్లం విప్పా. నాసి లెమాక్. కొబ్బరిపాలతో వండిన అన్నం, సంబల్ అనే ఎర్రటి మిరపకాయల పచ్చడి, కీరా ముక్కలు, సగం గుడ్డు, వేయించిన వేరుశనగ గుళ్ళు. వాటి మధ్యలో ఎండు నెత్తళ్ళు! అక్కడ ‘ఇకాన్ బిలిస్’ అంటారట. పేరేదైతేనేం, అదే కన్ను, అదే తోక. సంబల్ తియ్యగా మొదలై, మూడో ముద్దకి చెవులు పట్టుకుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి తోట పోయాక మా ఇంట్లో కొబ్బరికాయ లెక్కపెట్టి వాడతారు. అన్నంలోకి పాలు తీస్తానంటే మా అమ్మ గరిటె విసురుతుంది. అయినా వెంటనే ఫోన్ చేశా. అక్కడ ఎనిమిది, ఇక్కడ అయిదున్నర.

“ఏటి తిన్నావురా?”

“నెత్తళ్ళే అమ్మా.”

“నెత్తళ్ళ కోసం ఇమానం ఎక్కేవేట్రా! మన బారువలో దొరకవేటి?”

పైకెళ్ళి చెబితే మావాడు మొహం చిట్లించాడు. “బడ్డీ తిండిరా అది, కడుపు పాడవుద్ది.” ఆరేళ్ళుగా అక్కడున్నాడు, ఒక్కసారీ ఆ పొట్లం విప్పలేదు. వాడి ఎనిమిదేళ్ళ కూతురు మాత్రం నా చెవిలో చెప్పింది, “అంకుల్, నేను స్కూల్లో రోజూ అదే తింటా. నాన్నకి చెప్పకండి.”

మిగతా రోజులు నా టిఫిన్ మాచిక్ దగ్గరే.

ఆ అన్నంలో వేసే పాండాన్ ఆకు మన మొగలికి చుట్టమే. ఇంటికొచ్చాక గట్టు మీది మొగలాకు వేసి వండమన్నా. “ఆ పొదలో పావులుంటాయి, నువ్వే ఎల్లి కోసుకురా” అంది అమ్మ. ఆకు లేకుండానే వండింది. ఒక ముద్ద తిని, “పరవాన్నంలో బెల్లం మర్సిపోయినట్టుంది” అని పక్కకి నెట్టేసింది. నాన్న మాత్రం మారు పెట్టించుకున్నాడు, నెత్తళ్ళు ఎక్కువేసి.